వంతెన దాకానే

గోబ్నెట్ గొడుగు పట్టుకుని బయల్దేరిందంటే ఐర్లండ్‌లోని కెర్రీ వాన కూడా భయపడి పక్క ఊళ్లో కురుస్తుందని చెప్పుకుంటారు. ఆ మధ్యాహ్నం ఆమె ఊరి హాల్లో ముందు వరసలో ఆ గొడుగు నిటారుగా పట్టుకుని, తన కొత్త నవల చదివి వినిపించడానికి డబ్లిన్ నుంచి వచ్చిన రచయిత్రి మ్యూరిన్‌ను కొరికేసేలా చూస్తూ కూర్చుంది.

నవల గోబ్నెట్ ఇంటి కథే. నూట ముప్పై ఏళ్ల కిందట బోస్టన్ వెళ్లిన నాబ్లా కథ. ఊళ్లో మిగిలింది చెల్లెలు ఓనోరా, అంటే గోబ్నెట్ అమ్మమ్మ. లోకానికి తెలిసింది అంతే. దాని వెనక ఇంకో గుట్టుంది. అది గడప దాటనివ్వనని గోబ్నెట్ తన తల్లికి మాటిచ్చింది. ఈ పిల్ల దాన్ని తవ్వి తీసిందేమోనని ఆమె గుబులు.

మ్యూరిన్ చదివింది. "ఓడరేవులో తల్లి నాబ్లాను వాటేసుకుని ఏడ్చింది..."

గుట్టు భద్రంగానే ఉంది. గోబ్నెట్ నోరు మూసుకుని ఇంటికి పోవలసింది. పోతే ఆమె గోబ్నెట్ ఎందుకవుతుంది?

"ఓడరేవా! మా వాళ్లు సాగనంపేది వంతెన దాకానే అమ్మాయ్. అవతల అడుగు పెట్టిన తల్లి ఒక్కతీ లేదు. టాక్సీలో వెళ్లి టాటా చెప్పిందనుకున్నావా?"

"ఇది కల్పన పెద్దమ్మగారూ. ఆ ఆడవాళ్ల గురించి ఎవరూ రాసిపెట్టలేదు. ఊహించుకోవాల్సిందే."

"ఏడిశావ్! నాబ్లా ధైర్యంగా ఓడెక్కిందట! ఆవిడ వంతెన మీదే కూలబడి కదలనంటే, చేతిలో టికెట్టు లాక్కుని ఉరికింది ఓనోరా!"

హాల్లో టీ కప్పులు గాల్లోనే ఆగిపోయాయి. వెనకనుంచి పొరుగింటి టైగ్ గొంతు సవరించుకున్నాడు.

"మరి మీ అమ్మమ్మ సమాధి మీద ఓనోరా అని ఉందేమే గోబ్నెట్టూ?"

"టికెట్టు మీద పేరు నాబ్లాది కదరా మొద్దూ! వెళ్లినామె నాబ్లా అయ్యాక, మిగిలినామె బతుకంతా..."

అక్కడ ఆగింది. అప్పటికే అంతా అయిపోయింది. పెళ్లిలోనూ చావులోనూ చెల్లెలి పేరు మోసిన అమ్మమ్మ, ఊరందరి ముందూ మళ్లీ నాబ్లా అయి కూర్చుంది.

మ్యూరిన్ మెల్లిగా కలం మూత తీసింది.

గొడుగు కొన వచ్చి ఆమె నోటుపుస్తకాన్ని బల్లకేసి నొక్కింది.

"నీ ఓడరేవే ఉంచు," అంది గోబ్నెట్ పళ్లు కొరుకుతూ. "ఆ అబద్ధమే బాగుంది."

మ్యూరిన్ మాత్రం కలం మూత పెట్టలేదు.