మూడు కొమ్ముల రేవు

ఒక్క రాయి నిలిచి ఉన్న చోటికి మూడు కొమ్ముల రేవు అని పేరు ఎందుకు పెట్టారు?

ఏడు వారాలుగా ఈ ప్రశ్న, సముద్రం నడుమ దీవుల్లో, హాడో అనే పేటలోని తెలుగు సంఘం గోడకు వేలాడుతున్నది. ఇంతవరకు ఎవరూ జవాబు ఇవ్వలేదని దాని కింద ఎర్ర సిరాతో రాసి ఉన్నది. ఆ ఎర్ర సిరా వాక్యం అబద్ధమని తెలిసిన మనిషి పేరు ఎరుకమ్మ. ఆ వాక్యాన్ని ఆమె స్వయంగా చదవలేదు. ఆమెకు చదువు రాదు. కూతురు గురువమ్మకు చదువు వచ్చు గాని, బడిలో నేర్చినది హిందీ అక్షరాలు.

అది 1979. హార్బరు క్వార్టర్ల మధ్య ఉన్న ఆ చిన్న హాలులో ప్రతి ఆదివారం ఉదయం తెలుగు కుటుంబాలు చేరేవి. బడి నుంచి రిటైరైన సుబ్బరామయ్య మాస్టారు దీవులలోని ఒక ఊరి పేరు మీదనో, పాత ముచ్చట మీదనో ప్రశ్న రాసి గోడకు అంటించేవారు. జవాబు చీటీ మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. గెలిచినవాళ్ళకు మరుసటి ప్రశ్న అడిగే హక్కు దక్కుతుంది. అంతకు మించి బహుమతి లేదు. ఆ హక్కు కోసం పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు సైతం చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవారు.

ఒక నియమం మాత్రం ఉండేది. జవాబు తెలుగు అక్షరాలలోనే ఉండాలి. పిల్లలు తెలుగు మరిచిపోతున్నారన్న దిగులుతో పెట్టిన నియమం అది. కారణం మంచిదే. కాని మంచి కారణంతో మూసిన తలుపు కూడా తలుపే. దాని అవతల ఎవరు నిలబడి ఉన్నారో చూడవలసిన బాధ్యత మూసినవాళ్ళది. ఆ బాధ్యతను అక్కడ ఎవరూ తీసుకోలేదు.

ఆ ఆదివారం ఎరుకమ్మ ఊరి నడిమి అబర్డీన్ బజార్లో చేపల బుట్టను చెల్లెలు తవిటమ్మకు అప్పగించింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని బయలుదేరింది. ముందురోజు బజార్లో చేపలు ఏరుకుంటూ ఒకావిడ చెప్పిన కబురే అందుకు కారణం. ఉత్తరాన ఉన్న రంగత్ వైపు రోడ్డు వెంట సర్కారువాళ్ళు కొత్త పేర్ల బోర్డులు పెడుతున్నారట. తెలుగువాళ్ళు పెట్టుకున్న పేర్ల జాబితాను సంఘాన్ని ఇమ్మన్నారట. మర్నాడే దాన్ని ఖాయం చేస్తారట. ఆధారం దొరకని పేర్లు కొట్టేస్తారు. మూడు కొమ్ముల రేవును కొట్టేసి, ఒంటిరాయి అని రాస్తారు.

ఆ పేరు పెట్టినవాడు ఎరుకమ్మ తండ్రి గవరయ్య. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన పేరు మీద ఈ దీవుల్లో పొలం లేదు, వీధి లేదు, సమాధి మీద పలక లేదు. ఆ రేవు పేరు ఒక్కటే ఆయన మిగిల్చి పోయినది.

ఎరుకమ్మ గుమ్మం దగ్గరకు చేరేసరికి లోపల నవ్వులు వినబడుతున్నాయి. రంగత్‌లో పనిచేసి బదిలీ మీద వచ్చిన గురునాథం అనే కుర్ర మాస్టారు ఆ వారం ప్రశ్న గెలిచాడు.

"వంతెన స్టాపు అంటారు, వంతెన లేదు. ఎందుకు లేదు? ఉండేది కనక!" అంటున్నాడతను. "దుంగల వంతెన. ఒక వానకి కొట్టుకుపోయింది. తరవాత తూము వేశారు. కండక్టరు మాత్రం ఇప్పటికీ వంతెన, వంతెన అని అరుస్తూనే ఉన్నాడు."

"దిగినవాళ్ళు వాగులో పడకపోతే చాలు," అన్నాడు పున్నయ్య. అతను దీవుల మధ్య తిరిగే ఓడలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నవాడు. నోరు తెరిస్తే హాస్యం.

"ఇక మిగిలింది ఒకటే," అన్నారు సుబ్బరామయ్య, కళ్ళజోడు సవరించుకుని. "మూడు కొమ్ముల రేవు. నేను స్వయంగా బస్సులో వెళ్ళి చూసి వచ్చాను. రోడ్డు చివర గుప్పెడు ఇసుక. అటూ ఇటూ అడుగు పెట్టడానికి వీల్లేని మడ అడవి. ఎదురుగా నీళ్ళలో ఒక్క రాయి. ఒక్కటంటే ఒక్కటే. పేరు పెట్టినవాళ్ళు ఆ పూట తాగి ఉన్నారేమో."

అందరూ నవ్వారు.

"మా అయ్య తాగడు, మాస్టారూ," అంది గుమ్మంలోంచి ఎరుకమ్మ.

తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. పున్నయ్య ముందుగా తేరుకున్నాడు. "అరే, ఎరుకమ్మ! ఈవేళ వంజరం తెచ్చావా?"

"సేపలు రేపు, భయ్యా. ఈయేల జవాబు తెచ్చినాను."

సుబ్బరామయ్య చెయ్యెత్తారు. ఆయన కంఠంలో కోపం లేదు. ఉన్నది అంతకన్నా మొండిదైన మర్యాద. "సంతోషం, అమ్మా. కాని జవాబు రాసి డబ్బాలో వెయ్యాలి. నియమం అందరికీ ఒక్కటే."

"రాసేసినాం, మాస్టారూ. మొదటి వారమే. నాను సెప్తా ఉంటే మా గుంట రాసింది. ఆ డబ్బాలోనే ఏసింది."

సంఘం కార్యదర్శి ఝాన్సీలక్ష్మి బల్ల సొరుగు లాగింది. చెల్లనివి అని రాసిన కవరులో నాలుగు చీటీలున్నాయి. మూడు ఖాళీవి, పిల్లల ఆటకి వేసినవి. నాలుగోది నోటుపుస్తకంలోంచి శుభ్రంగా చింపిన కాగితం. దాని మీద హిందీ అక్షరాలు. ఝాన్సీలక్ష్మి చదివి, తెలుగులో చెప్పింది: "సముద్రం మీంచి చూడండి. మూడూ కనిపిస్తాయి. గురువమ్మ, తొమ్మిదో తరగతి."

"తెలుగులో లేదని పక్కన పెట్టాను," అన్నారు సుబ్బరామయ్య.

"చదివి పక్కన పెట్టారా, మాస్టారూ?" అని అడిగింది ఝాన్సీలక్ష్మి.

ఆయన చెయ్యి చాపి ఆ చీటీ అందుకున్నారు. హిందీ రాదనడానికి లేదు. పాతికేళ్ళుగా బజారులో, బస్సులో, ఆసుపత్రిలో ఆయన మాట్లాడుతున్నది, బోర్డుల మీద చదువుతున్నది హిందీయే.

కాని ఆయన అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాడు. "సరే, చదివాం. ఇది జవాబెలా అవుతుంది? సముద్రం మీదికి వెళ్ళి చూసినంత మాత్రాన ఒక రాయి మూడు రాళ్ళవుతుందా?"

ఎరుకమ్మ చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వచ్చింది. బల్ల మీద మంచినీళ్ళ చెంబు, రెండు స్టీలు గ్లాసులు ఉన్నాయి. చెంబును బల్ల అంచు దగ్గర పెట్టింది. దాని వెనకాల, ఒకదాని తరవాత ఒకటిగా, జానెడు దూరాన గ్లాసులు పెట్టింది.

"రండి, మాస్టారూ. ఇక్కడ ఒంగండి. గెడ్డం బల్లకి ఆనించండి."

"నేనా?"

"మీరే కదా బస్సులో ఎల్లి సూసింది!"

సుబ్బరామయ్య వంగారు. హాలంతా లేచి నిలబడింది.

"ఎన్ని అవుపడతన్నాయి?"

"...చెంబు."

"గ్లాసులో?"

"చెంబు అడ్డంగా ఉంది."

"అదీ మీ రోడ్డు. ఇప్పుడు పక్కకి రండి. ఇంకా రండి. ఇదీ మా సముద్రం. ఇప్పుడు సెప్పండి."

ఆయన వంగిన నడుముతోనే బల్ల పక్కకు నడిచారు. మూడూ విడివిడిగా, వరసగా నిలిచి ఉన్నాయి. లెక్కపెట్టవలసిన పని లేదు. అయినా ఆయన పెదవులు కదిలాయి.

"మా అయ్య తెడ్డు ఏసీవోడు," అంది ఎరుకమ్మ. "నాకప్పుడు పన్నెండేళ్ళు. పడవ ముందు కూకుని కొమ్ములు లెక్కెట్టడం నా పని. రెండు అవుపడితే నీళ్ళ కింద రాయుంటది, పడవ అడుగు ఊడిపోద్ది. మూడూ అవుపడితే దారి సాఫు, సీదా ఎల్లిపోవడమే. మూడు, అయ్యా! అని నాను కేకేసీదాన్ని. అందుకే ఆ పేరెట్టినాడు. పేరు సాలు, దారి ఇంకెవులూ సెప్పక్కర్లేదు."

అప్పుడు పున్నయ్య ముందుకు వచ్చి, తల గోక్కున్నాడు.

"మాస్టారూ, నాదో తప్పుంది," అన్నాడు. "రంగత్ వెళ్తున్నప్పుడల్లా ఓడ మీంచి మూడు రాళ్ళు చూస్తాను. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. మొన్న బస్సులో వెళ్ళినప్పుడు ఒక్క రాయీ చూశాను. రెండూ వేరు వేరు చోట్లనుకున్నాను."

ఓడ మీద వెళ్ళేవాళ్ళకు ఒక తీరం, బస్సులో వెళ్ళేవాళ్ళకు ఇంకొక తీరం. రోడ్డు పడ్డ తరవాత దీవులవాళ్ళు ఒకే నేలను రెండు దేశాలుగా పంచుకున్నారు, పంచుకున్నామన్న సంగతి తెలియకుండానే. ఆ గదిలో రెండు వైపుల నుంచీ ఆ రాళ్ళను చూసినవాడు పున్నయ్య ఒక్కడే, అతనికీ తట్టలేదు. ప్రశ్నకు జవాబు లేకపోవడం కాదు అక్కడ జరిగినది. నిలబడిన చోటు నుంచి ఎవరూ కదలకపోవడం.

సుబ్బరామయ్య నడుము నిటారు చేసుకున్నారు. కలం తీసి, బల్ల మీది జాబితాలో అప్పటికే కొట్టేసిన గీత మీద మళ్ళీ పేరు రాశారు. ఆధారం అన్న చోట, రంగత్ ప్రాంత మత్స్యకారులు, అని రాస్తూ పైకి చదివారు.

"ఎవులు వాళ్ళు?" అంది ఎరుకమ్మ.

"మీవాళ్ళేనమ్మా."

"మావోళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఆ పేరు ఎట్టినోడు ఒకడే. ఆడికీ ఓ పేరుంది, మాస్టారూ."

ఆయన కలం ఝాన్సీలక్ష్మి చేతికిచ్చారు. ఆమె ఆ మాట కొట్టేసి రాసింది: పేరు పెట్టినవారు గవరయ్య. చెప్పినవారు ఆయన కూతురు ఎరుకమ్మ. పడవ ముందు కూర్చుని లెక్కపెట్టినది ఈమే.

"సదువు, దీదీ," అంది ఎరుకమ్మ. ఝాన్సీలక్ష్మి చదివింది. "ఇంకోపాలి," అంది. ఇంకోసారీ చదివింది. ఎరుకమ్మ తృప్తిగా తల ఊపి చెప్పుల వైపు నడిచింది.

"ఆగమ్మా," అన్నారు సుబ్బరామయ్య. "గెలిచావు. వచ్చేవారం ప్రశ్న నువ్వే అడగాలి. అది నియమం." ఈసారి ఆ మాటను ఆయన కాస్త సిగ్గుపడుతూ అన్నారు.

"వచ్చేవారం దాకా ఎందుకూ, ఇప్పుడే అడుగుతాను. ఈ క్వార్టర్లు కట్టకముందు, ఇదిగో, మీరు కుర్చీలేసుకున్న సోటే, మావోళ్ళు పడవలు లాగి పెట్టీవోరు. ఈ సోటుకి ఓ పేరుండీది. ఏటది? రాయక్కర్లేదు. నోటితో సెప్పండి."

గురునాథం కుర్చీ పక్కకు జరిపి కింద నేలను చూశాడు. ఎరుకమ్మ పిసరంత నవ్వి మెట్లు దిగింది. అబర్డీన్ బజార్లో మధ్యాహ్నం బేరాలు మొదలయ్యే వేళయింది.

జాబితా మర్నాడు వెళ్ళింది. పేరు నిలిచింది. ఆమె ఆ పూట మెట్లెక్కకపోయి ఉంటే నిలిచేది కాదు. చదువుకున్న ఇరవైమంది నవ్వుతూనే దాన్ని తుడిచేసి ఉండేవారు, ఒక్కరికీ మనసులో తప్పు చేశామనిపించకుండా.

మీరున్న చోట కూడా అర్థం లేదని మీరు నవ్వి వదిలేసిన పేరు ఒకటి ఉన్నది. దాన్ని పెట్టినవాళ్ళ కూతురో కొడుకో ఎక్కడున్నారో ఈ వారంలోనే కనుక్కోండి. వాళ్ళు మీ గుమ్మంలోకి వచ్చేదాకా ఆగకండి. మీరే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి అడగండి.