ముగ్గుల పోటీ రిజిస్టరు

ఆదిమూలం నాలుగో కాగితం వెనక గంజి పూసి, దాన్ని రిజిస్టరు పేజీ మీద పరచి, మధ్య నుంచి అంచులదాకా అరచేత్తో నున్నగా రుద్దాడు. మూలన ఒక గాలిబుడగ మిగిలింది. దాన్ని బొటనవేలి గోటితో మెల్లగా బయటికి నెట్టాడు. కాగితం మీద ఇరవైమూడు మంది ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళ భర్తల పేర్లు, వయసులు, ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు వరసగా ఉన్నాయి. కౌన్సిలు వారి సాంస్కృతిక వెబ్‌సైటులో నిన్న ముగ్గుల పోటీకి నమోదైనవాళ్ళు వాళ్ళు.

ఊరు తమిళనాడులో, తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే దారిలో ఉంటుంది. పేరు చెప్పను. చెబితే ఆ కౌన్సిలుకు లేని గొప్ప వస్తుంది. చెన్నై కంపెనీ ఏదో తయారుచేసి ఇచ్చిన వెబ్‌సైటు అది. తొలి పేజీలో ఒక నెమలి పురి విప్పుతుంది, ముడుస్తుంది, మళ్ళీ విప్పుతుంది. అందులో చేరిన వివరాలను ప్రతి ఉదయం అచ్చుతీసి, రిజిస్టరులో అంటించి, ఆ రిజిస్టరును వరండాలో బల్లమీద పెట్టాలి. నమోదైనవాళ్ళు వచ్చి, తమ పేరు వెతుక్కుని, పక్కన సంతకం చెయ్యాలి. సంతకం లేకపోతే పోటీ లేదు. ఎనిమిదేళ్ళ కిందట ఒక ఆడిటరు వచ్చి, కంప్యూటరులో ఉన్నది రికార్డు కాదు, కాగితం మీద ఉన్నదే రికార్డు అన్నాడట. ఆ ఆడిటరు రిటైరయ్యాడు గానీ, ఆయన మాట ఇంకా ఉద్యోగం చేస్తోంది.

తన పేరు కోసం ఒకామె వందమంది పేర్లు తిరగెయ్యాలి. దారినపోయే దానయ్య కూడా కూర్చుని తీరిగ్గా చదువుకోవచ్చు. చదువుకున్నారు కూడా. చీరల కొట్టువాడు వచ్చి ఫోనుతో పేజీలన్నీ ఫొటోలు తీసుకుపోయాడు. ప్లాట్లు అమ్మేవాడు నోటుబుక్కు తెచ్చుకున్నాడు. ఇన్సూరెన్సు ఏజెంటయితే కుర్చీ అడిగి వేయించుకున్నాడు, టీ కూడా తాగాడు.

ఇంత భాగోతం ఇక్కడ నడుస్తుంటే, వెబ్‌సైటు అడుగున చీమతలకాయంత అక్షరాలతో ‘మీ వివరాలు మా వద్ద భద్రంగా ఉంటాయి, మూడోవారికి ఇవ్వబడవు’ అని మూడు భాషల్లో రాసుంది. తెలుగు వాక్యం రాసింది ఆదిమూలమే. ఆ ఆఫీసులో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఇంట్లో తెలుగు మాట్లాడి బయట తమిళం చదివేవాళ్ళు. ఆ వాక్యం కింద, వివరాలు తీసేయమని ఎవరిని అడగాలో ఒక అధికారి పేరు వేయాలని కంపెనీవాడు పట్టుబట్టాడు. పేరు వేస్తే ఫోన్లు వస్తాయి. పైవాళ్ళు తప్పుకున్నారు. సూపరింటెండెంటు వరదన్ తప్పుకున్నాడు. చివరికి కాంట్రాక్టు మీద టైపు కొట్టే ఆదిమూలం పేరు, అతని సొంత సెల్ నంబరు వేశారు. ఇరవైరెండేళ్ళుగా పర్మనెంటు చెయ్యని మనిషిని ఒక్క పేజీలో అధికారిని చేసేశారు. అతను కనీసం చిన్నబుచ్చుకోలేదు. ఆ పేజీని పెళ్ళాం మునెమ్మకు ఫోనులో చూపించి మురిసిపోయాడు. ఇలాంటివాళ్ళను చూస్తే జాలికంటే ముందు ఒళ్ళు మండుతుంది.

మనిషి సన్నగా, కొంచెం కుడివైపుకు ఒరిగి ఉంటాడు. చిన్నప్పటినుంచీ గుంటమగ్గంలో కూర్చుని నేసిన ఒంపు అది. మరమగ్గాలు వచ్చి ఆ మగ్గాన్ని మింగేశాక, టైపు నేర్చుకుని ఈ ఆఫీసులో పడ్డాడు. నేతలో నేర్చినదాంట్లో గంజి ఒక్కటే మిగిలింది. ఆఫీసువాళ్ళు ఇచ్చే గమ్ము వారానికే ఊడిపోతుందని, మునెమ్మ వార్చిన గంజిని చిక్కగా కాచి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, పాత పౌడరు డబ్బాలో పోసి ఇస్తుంది. దాన్ని కిటికీలో పెట్టుకుని, మగ్గం మీది పడుగు నూలుకు పట్టించినంత శ్రద్ధగా ఈ చెత్త కాగితాలకు పట్టిస్తాడు. అతను అంటించింది ఇంతవరకు ఊడలేదు.

పదకొండింటికి ఒకామె వచ్చి బల్లముందు నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఎడమచేతి మణికట్టు దగ్గర ఎముక సరిగా అతుక్కోక కొంచెం పైకి లేచి ఉంది.

“అయ్యా, ఆదిమూలం సారంటే ఎవురు?”

“నేనేమ్మా. ఏం గావాల?”

“నా వివరాలు తీసేయాల. అడగొచ్చని మీ పేరు ఏసుండారు కదా.”

ఆమె పేరు కవిప్రియ. కడంబత్తూరులో మొగుడి ఇల్లు వదిలి ఏడు నెలలైంది. కూతురు నిత్యతో ఈ ఊళ్ళో వెనకవీధిలో అద్దెకుంటూ, మందుల షాపులో పనిచేస్తోంది. కూతురు పోరితే పోటీకి నమోదైంది. భర్త పేరు నింపకపోతే ఆ ఫారం ముందుకు కదలదు. ముగ్గు పెట్టడానికి మొగుడి పేరెందుకో ఆ నెమలికే తెలియాలి. ఆమె నింపింది. పోటీకి ఎంతమంది వచ్చారో గొప్ప చెప్పుకోవాలని, వెబ్‌సైటువాళ్ళు అందరి పేర్లూ, పక్కనే భర్తల పేర్లూ తొలి పేజీలో వేసేశారు. మొగుడి చుట్టం ఎవరో అది చూశాడు.

“నిన్న మా ఆయన మా అక్కకు ఫోన్ చేసినాడంట. ఊరు దొరికింది, ఇంగ ఇల్లు దొరకడమెంతసేపు అన్నాడంట.” ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది. “పేరు పోతే పోయింది. ఇల్లు తెలవకూడదయ్యా.”

ఆదిమూలం కంప్యూటరు ముందు కూర్చుని ఆమె వరస తెరిచాడు. తీసేయాలంటే సూపరింటెండెంటు అనుమతి కావాలని వచ్చింది. లేచి లోపలికి వెళ్ళాడు. వరదన్ ఫోను చూసుకుంటూ తల ఎత్తకుండా విన్నాడు.

“ఒకరికి తీస్తే ఊరంతా వచ్చి నిలబడతాది అప్పా. పోటీ అయిపోనీ, అప్పురం పాక్కలాం.”

“సరే సార్,” అన్నాడు ఆదిమూలం. ఇరవైరెండేళ్ళుగా ఆ గదిలో అతను అన్న మాట అదొక్కటే.

బయటికి వచ్చేసరికి కవిప్రియ రిజిస్టరు ముందు వంగి ఉంది. ఆమె వేలు తన వరస మీద ఆగింది. వీధి పేరు, ఇంటి నంబరు, ‘వెనక పోర్షన్’ అని కూడా ఉంది. పోస్టుమ్యాను కోసం అంత వివరంగా రాసుకుంది, పాపం.

“దీన్ని ఈడ ఎవురైనా చూడొచ్చా?”

“చూస్తా ఉంటారమ్మా.”

“మరి భద్రంగా ఉంటాయని రాసుండారే.”

ఆ వాక్యం రాసింది తనే అని ఆదిమూలం చెప్పలేదు. పోటీ అయినాక చూస్తామన్నారని మాత్రం చెప్పాడు. ఆమె షాపుకు టైమైందని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. ఆ అడ్రసును జన్మలో ఊడిరాకుండా అంటించింది తన చేతులే. ఆ చేతులను చూసుకుంటే అతనికి మొదటిసారి సిగ్గేసింది.

మధ్యాహ్నం పెరుగన్నం సగం తిని గిన్నె మూసేశాడు. బీరువా మీద, పైనుంచి తనిఖీకి వస్తారంటే వరదన్ అచ్చుతీయించిన భద్రత వాక్యం కాపీలు కట్టగా ఉన్నాయి. తనిఖీకి ఎవరూ రాలేదు. ఆదిమూలం కట్ట దించి, కత్తెర తీసుకుని, కాగితాలను వేలెడు వెడల్పు ముక్కలుగా కత్తిరించడం మొదలుపెట్టాడు. కవిప్రియ వరస ఒక్కటే మూస్తే వేలు పెట్టి చూపించినట్టే. అందుకని మొదటి పేజీ మొదటి పేరు దగ్గర మొదలుపెట్టాడు. మొత్తం రెండువందల పన్నెండు మంది. అడ్రసు, ఫోన్ నంబరు మీదుగా ఒక్కొక్కరికి ఒక ముక్క. గంజి పూయడం, పెట్టడం, రుద్దడం. భుజం లాగింది. ఆపలేదు. మగ్గం దిగినాక అంత ఇష్టంగా అతను చేసిన పని ఇంకొకటి లేదు.

మూడున్నరకు ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి, చేతిలో మిఠాయి పెట్టె. పెద్దమనిషి లక్షణాలన్నీ ఉన్నాయి.

“కవిప్రియ అని, నా పెండ్లాం. పోటీలో ఉండాదంట. యాడ ఉండాదో రిజిస్టర్‌లో ఉంటాదన్నారు.”

ఆదిమూలం రిజిస్టరు మీద రెండు చేతులూ పెట్టాడు.

“తడిగా ఉండాది. ముట్టుకోకూడదు.”

“ఎంతసేపటికి ఆరతాది?”

“చెప్పలేను.”

ఆయన నవ్వి, చెప్పులు విడిచి, మర్యాదగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళాడు. రెండు నిమిషాలకు వరదన్ ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక ఆడమనిషి ప్రాణభయంతో అడిగితే తల ఎత్తనివాడు, మిఠాయి పెట్టె చూసి కుర్చీలోంచి లేచొచ్చాడు.

“ఎన్నయ్యా ఆదిమూలం, పబ్లిక్ వచ్చి అడిగితే చూపియ్యాల కదా,” అంటూ రిజిస్టరు లాక్కుని తెరిచాడు.

పేర్లు ఉన్నాయి. పేర్ల పక్కన ప్రతి వరసలోనూ ‘మీ వివరాలు మా వద్ద భద్రంగా ఉంటాయి’ అని ఉంది. పేజీ తిప్పాడు. అక్కడా అదే. రెండేళ్ళుగా వెబ్‌సైటు అడుగున పడి ఉన్న వాక్యం ఆ రోజు మొదటిసారి ఒళ్ళు వంచి పనిచేసింది. వరదన్ కవిప్రియ వరస వెతికి, ముక్క అంచును గోటితో లేపి లాగాడు. ముక్కతోపాటు కింది కాగితమూ చిరిగొచ్చి, అడ్రసు ఉండాల్సిన చోట చిల్లు పడింది. ఆ కింది వరస లాగి చూశాడు. అక్కడా చిల్లే.

“సిస్టంలో చూసి చెప్పు.”

“సర్వర్ లేదు సార్.”

వెనక కంప్యూటరులో నెమలి పురి విప్పుతూనే ఉంది. వరదన్‌కు ఆ నెమలిని దాటి లోపలికి పోవడం తెలియదు. పెద్దమనిషి నవ్వు ఆపేసి, మిఠాయి పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. వరదన్ కోపంలో సగం ఆ పెట్టె పోయినందుకే.

“గవర్నమెంట్ రికార్డు నాశనం చేసినావు. రేపటినుంచి నువ్వు రావద్దు.”

“సరే సార్.”

వెబ్‌సైటు పాస్‌వర్డు అతనొక్కడికే తెలుసు, దాన్ని ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పే అలవాటు ఆదిమూలానికి లేదు. సగం మిగిలిన అన్నం గిన్నె సంచిలో వేసుకుని, అయిదింటి పళ్ళిపట్టు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. చేతులకు ఎండిన గంజిని ఇంటిదాకా గీక్కుంటూనే ఉన్నాడు.

ముగ్గుల పోటీ జరిగింది. రెండువందల పదకొండు మంది వచ్చారు. కవిప్రియ ఆ వారంలోనే కూతుర్ని తీసుకుని వేరే ఊరికి వెళ్ళిపోయింది. ఏ ఊరో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆ ఆఫీసు ఆమెకు చేసిన మేలు అదొక్కటే, అదీ తెలియక చేసింది.

రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న ఆదిమూలం మళ్ళీ లేవలేదు. ఆఫీసునుంచి ఎవరూ రాలేదు. పాస్‌వర్డు లేక వెబ్‌సైటు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అడుగున అధికారిగా అతని పేరు, నంబరు అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ఎవరో ఒకరు వివరాలు తీసేయమని ఫోన్ చేస్తారు. మునెమ్మ ఎత్తుతుంది.

“ఆయన లేడు నాయనా,” అంటుంది. పెట్టేయకుండా, అవతలివాళ్ళు చెప్పుకునేదంతా వింటుంది.

వరండాలో ఇప్పుడు కొత్త రిజిస్టరు ఉంది. చేత్తో రాసిన ఫారాలను అందులో ఆఫీసు గమ్ముతో అంటిస్తున్నారు. కాగితాలు ఊడి వీధిలోకి ఎగిరిపోతుంటాయి, ఎవరూ ఏరరు. కిటికీలో ఆ పౌడరు డబ్బా అలాగే ఉంది. అందులో గంజి రాయిలా ఎండిపోయింది, కుంచె దాంట్లో నిటారుగా నిలబడి ఉంది.