పుట చివరిదాకా

ఆ వృత్తివిద్యా కళాశాలలో ఆయన్ను అందరూ పుటల మాస్టారు అనేవారు. చదివింది తత్వశాస్త్రం. పట్టిన పట్టు మాత్రం ఒక్కటే: వెల్డింగ్ నేర్చేవాడైనా, నర్సు కాబోయే పిల్లయినా వారానికి రెండు గంటలు పాత కావ్యాలూ నాటకాలూ చదివి తీరాలి. ముప్పై ఏళ్లు అధికారుల గుమ్మాలు అరిగేలా తిరిగి సాధించాడు. ఆయన గదిలో ఉపన్యాసం ఉండదు. కుర్చీలు గుండ్రంగా వేస్తారు. ఎవడైనా అభ్యంతరం అంటే ఆయన "ఏ పుట?" అంటాడు; వాడు ఆ వాక్యం మీద వేలు పెట్టి, పుట చివరిదాకా పైకి చదవాలి. అప్పటిదాకా ఎవరూ నోరెత్తకూడదు.

"కూలివాడికి వీపు ఉన్నది కొరడా కోసమే." ఒక పాత నాటకంలో సేనాపతి అనే మాట అది. ఎవడో పుణ్యాత్ముడు ఆ ఒక్క వాక్యాన్నీ పుట సంఖ్యతో సహా కరపత్రంగా అచ్చువేయించి, కింద మాస్టారి పేరు పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఇనుప కడ్డీలు పట్టుకుని వందమంది కూలీలు కళాశాల గేటు విరగ్గొట్టారు.

"బావా, వెనక తలుపు తీసే ఉంది. నీ పుస్తకాలు తగలెయ్య, ముందు పద!" అన్నాడు అక్కడే వర్క్‌షాపు చూసుకునే బావమరిది.

"చదవకుండా కోపం తెచ్చుకున్నారురా. చదివితే పోతుంది," అన్నాడు మాస్టారు. ఏం మనిషండీ! అవతల తలుపు బద్దలవుతుంటే ఇవతల కుర్చీలు సర్దుతున్నాడు.

అందరికంటే ముందు దూసుకొచ్చినవాడు ఒక వెల్డరు. మూడేళ్ల క్రితం ఆ గదిలో కూర్చుని చదివినవాడే. మొదటి దెబ్బకే మాస్టారి కుడి ముంజేయి విరిగింది, రెండోది మూతి మీద పడింది. అడ్డొచ్చిన బావమరిది తల పగిలి గోడవారగా కూలబడ్డాడు. మాస్టారు నోట్లో రక్తం ఉమ్మి, "ఏ పుట?" అని అడిగాడు.

కడ్డీ గాల్లోనే ఆగింది. పాడు అలవాటు!

"నూట పన్నెండు," అన్నాడు వెల్డరు పళ్లు కొరుకుతూ. కడ్డీ చంకలో పెట్టి, బల్ల మీదున్న ఆ నాటకం పుస్తకం లాక్కుని, వేలు పెట్టి చదివాడు. సేనాపతి మాట అయిపోయింది. పుట ఇంకా ఉంది. తర్వాత మాట్లాడేది సేనాపతి తల్లి. "నీ నోటికి పాలిచ్చిన నేనూ కూలిదాన్నే. కొరడాకి వీపు కావాలంటే ముందు నాది తీసుకో."

వాడి గొంతు తగ్గిపోయింది. "ఇది కాగితంలో లేదేంటి మాస్టారూ?" అని వెనక్కి తిరిగి, పుస్తకం పైకెత్తి, "ఆగండ్రా! ఇంకా ఉంది, వినండి!" అని అరిచాడు.

వెనకవాళ్లకు ఆ మాట వినపడలేదు. పుస్తకం మాత్రం కనపడింది.

"అమ్ముడుపోయాడ్రా!" అన్నాడెవడో. కడ్డీలన్నీ వాడి మీదే పడ్డాయి. మాస్టారు ఒంటిచేత్తో అడ్డుపడితే డొక్కలో తన్ని అవతలకి తోశారు. వాడి పుర్రె చిట్లిన చప్పుడు ఆయనకు స్పష్టంగా వినపడింది. తర్వాత కూడా చాలాసేపు కొట్టారు.

తొమ్మిదో రోజున వెల్డరు తల్లి మాస్టారున్న ఆసుపత్రికి వచ్చింది. బావమరిది తలకట్టుతోనే లేచి ఆమెకు తన స్టూలు ఇచ్చాడు.

"నాకు చదువు రాదయ్యా. నా కొడుకు చదివింది చదివి పెట్టండి," అందామె.

తలగడ కింది ఆ పుస్తకం తీసి, రక్తానికి అంటుకుపోయిన కాగితాలను మాస్టారు ఎడమచేత్తో విడదీసి, పుట చివరిదాకా చదివాడు. ఆమె మధ్యలో నోరెత్తలేదు. అయ్యాక అడిగింది.

"ఆ మొదటి మాట దగ్గరే ఆపనిచ్చుంటే, మిమ్మల్ని చంపేసి ఇంటికొచ్చేవాడు కదయ్యా?"

వాడికి ఆ అలవాటు చేసింది తనే. ఆ మాట పైకి అనలేక మాస్టారు భోరుమన్నాడు.