గిన్నె మీద గీత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. అందుకే కాబోలు, ప్రారంభోత్సవం రోజున నన్ను గేటు దగ్గర బల్ల వేసి కూర్చోబెట్టి, వచ్చినవాళ్లకి గులాబీలు ఇమ్మన్నారు. తల నెరిసేదాకా పాఠాలు చెప్పిన మనిషిని. చేతిలో పూలబుట్ట ఉంటే నోరు లేవదనుకున్నారు పాపం.

మాది విశ్వవిద్యాలయంలో పోషకాహార విభాగం. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు వెళ్లే దారిలో, ఒక సందు మొదట్లో ఉన్న పాత రాతి భవనం. దాన్ని బాగుచేస్తామని ఏడాది పాటు మూసేసి, మమ్మల్ని తీసుకెళ్లి ఖైరతాబాద్‌లో ఒక అద్దె మేడ మీద పడేశారు. లోపల ఏం కడుతున్నారో చూద్దామని వెళ్తే, హెల్మెట్ లేదంటూ గేటు దగ్గరే ఆపేవారు. నా డిపార్ట్‌మెంటులోకి నన్నే రానివ్వలేదు.

ఆ పాత భవనంలో నా ప్రాణమంతా గురువారం క్లాసు మీదే ఉండేది. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతికేవాళ్ల ఇళ్లలో వంట చేసే ఆడవాళ్ల కోసం పెట్టిన క్లాసు అది. సందువైపు తలుపు బార్లా తీసి ఉంచేవాళ్లం. పేరు రాయక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు, నేరుగా లోపలికి రావచ్చు. ఒక్కటే షరతు, ఇంట్లో వండుకునే గిన్నె వెంట తెచ్చుకోవాలి. గ్రాములూ మిల్లీలీటర్లూ అని చెబితే సందు దాటేలోపు మరిచిపోతారు, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ మరిచిపోతాను. అందుకని వాళ్ల గిన్నెనే పొయ్యి మీద పెట్టి, అందులోనే ఉడికించి చూసి, లోపల మేకుతో రెండు గీతలు గీసేదాన్ని. కింది గీత దాకా కూరముక్కలు, పై గీత దాకా నీళ్లు. ఉడికాక ఆ నీళ్లు పారబోయాలి. కూరల్లో ఉండే పొటాషియం చాలావరకు ఆ నీళ్లతో పోతుంది. పోకుండా ఈ రోగుల ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. గిన్నె గిన్నెకీ వెడల్పు వేరు, మందం వేరు కాబట్టి పొంగకుండా, మాడకుండా ఎన్ని నీళ్లు పట్టేదీ మంట మీద పెడితేనే తెలుస్తుంది. సందులోవాళ్లు దాన్ని గీతల క్లాసు అనేవారు. భవనం మూసేసిన ఏడాదంతా ఆ క్లాసూ ఆగిపోయింది.

బాగుచేయడం మొదలుపెట్టేముందు మా హెడ్ విశ్వనాథ్ గారిని నేను అడిగినవి రెండే. సందువైపు తలుపు ఉంచండి, గ్యాసు పొయ్యిలు ఉంచండి. ఆయన నవ్వి, తప్పకుండా మేడం, సమాజసేవే కదా మన బలం అన్నారు. ఆ నవ్వు చూసి నమ్మాను, నా ఖర్మ.

ఆ రోజు గులాబీల బల్ల దగ్గరికి జయమ్మ వచ్చింది. నాంపల్లి స్టేషను రోడ్డులో ఇస్త్రీ బండి నడుపుకుంటుంది. భర్త యాదగిరికి డయాలసిస్ మొదలైనప్పటి నుంచీ నా క్లాసుకి వచ్చిన మనిషి. ఫొటోల్లో బాగుంటుందని క్లాసు ఆడవాళ్లు కొందరిని రమ్మన్నారు, అందరికీ ఒకే రంగు చీరలు ఇచ్చారు. జయమ్మ ఆ చీర కట్టుకుని, చంకలో గుడ్డసంచీ పెట్టుకుని నిలబడింది. సంచీలో కొత్త గిన్నె, నాలుగు ఆలుగడ్డలు ఉన్నాయి. గురువారమే కదా, క్లాసు కూడా ఉంటుందనుకుని తెచ్చుకుంది.

పాత గిన్నెకి చిల్లు పడిందట. కొత్తది కొని, అందాజాగా వండి పెట్టింది. పోయిన వారం యాదగిరి గుండె తడబడి పడిపోతే ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తింది. నిన్ననే ఇంటికి పంపారు. నాకు ఫోను చేస్తే పోయేది కదా అని కసిరాను. నా నంబరున్న ఫోను ఎప్పుడో పోయిందని, ఇవాళ తెరుస్తారని తెలిసి ఆగానని చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది.

"ఇంకొక్కపారి గిట్లయితే దక్కడన్నరు మేడం. ఇయ్యాల గీతలు గీయుండ్రి, జర."

గీస్తానని మాటిచ్చాను. గులాబీలు లహరి చేతిలో పెట్టాను. లహరి అని నా పీజీ విద్యార్థిని. రిబ్బను కత్తిరించగానే జయమ్మని వెంటబెట్టుకుని లోపలికి నడిచాను.

ముందు తలుపు కోసం చూశాను. లేదు. తలుపున్న చోట గోడ ఉంది, గోడకి పలకలు అతికించారు. బయట సందువైపు ఆ గోడ మీద పెద్ద బొమ్మ వేయించారని కిటికీలోంచి వంగి చూస్తే తెలిసింది. నవ్వుతున్న ఆడమనిషి, చంకలో గిన్నె. కింద పెద్ద అక్షరాలతో 'ప్రజల కోసం, ప్రజలతో' అని రాయించారు. ప్రజలు వచ్చే తలుపు మూసేసి దాని మీద ప్రజల బొమ్మ వేయించారు. ఇక ముందు ఎవరైనా రావాలంటే పెద్ద గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి, మెషీన్ మీద ఇంకో కార్డు పెట్టాలట. నా ఒళ్లు మండిపోయింది.

తర్వాత పొయ్యిల కోసం చూశాను. నల్లటి అద్దాల బల్లలు వరసగా మెరుస్తున్నాయి. అన్నీ ఇండక్షన్. గ్యాసు లేదు, మంట లేదు. విశ్వనాథ్ గారు అతిథులకి అవే చూపిస్తున్నారు. ఆయన ఆహార రసాయన శాస్త్రంలో దేశమంతా పేరున్న మనిషి. ఇంట్లో టీ కూడా పెట్టుకుని ఎరగరు. మా విభాగానికి అవార్డు ఇవ్వడానికి వచ్చిన వర్తక సంఘం అధ్యక్షుడు మహీధర్ గారు పక్కన నిలబడి అన్నింటికీ తలూపుతున్నారు. కెమెరాలు వచ్చాయి. హెడ్ గారికి జయమ్మ కట్టుకున్న ఆ చీర కనబడింది. రామ్మా, నీ గిన్నె పెట్టి చూపించు అని జయమ్మని పిలిచారు.

జయమ్మ సంతోషంగా గిన్నెలో నీళ్లు పోసి అద్దం మీద పెట్టింది. పొయ్యి కీచుమంది. ఆరిపోయింది. ఆయన మళ్లీ నొక్కారు. మళ్లీ కీచుమంది. లహరి నా చెవిలో చెప్పింది, గిన్నె అల్యూమినియం కదా మేడం, దీని మీద వేడెక్కదు అని.

హైదరాబాదు బస్తీల్లో ఎవరింట్లో ఏ గిన్నెలో ఏం వండుకుంటారో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి పుస్తకం వేసిన విభాగం మాది. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది ఈ విశ్వనాథ్ గారే. ఎక్కువమంది వాడేది అల్యూమినియమే అని అందులో ఆయనే రాశారు. రాసిన చేత్తోనే ఈ పొయ్యిలకి సంతకం పెట్టారు. ఇంతమంది డాక్టరేట్లం ఉండి ఒక్కరికీ తట్టలేదు, తట్టినవాళ్లు నోరు మూసుకున్నారు. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన ఏ మాత్రం తొణకలేదు. అలమారలోంచి మెరిసే స్టీలు గిన్నె తీసి, దీంట్లో చెయ్యమ్మా అన్నారు. జయమ్మ ఆ గిన్నెని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇండ్ల గీతలు గీస్తే, గీ గిన్నె నాకిచ్చి తోలుతరా సార్?"

"అదెలా కుదురుతుందమ్మా? అది స్టాక్ రిజిస్టర్లో ఎక్కిన సామాను."

"మరి నేను ఇంటికాడ దేంట్ల వండాలె?"

ఆయన కెమెరా వైపు తిరిగి, జయమ్మ చేతిని తన చేత్తో పట్టుకుని, స్టీలు గిన్నెని అద్దం మీద పెట్టించారు. ఫొటో తీశారు. అందరూ చప్పట్లు కొట్టి మీటింగు హాల్లోకి కదిలారు. జయమ్మ తన గిన్నెలోని చల్లటి నీళ్లు సింకులో ఒంపి, గిన్నెని సంచీలో పెట్టుకుంది.

వేదిక మీద చాలాసేపు మాట్లాడారు. గురువారం క్లాసు గురించి అందరూ పొగిడారు. దాన్ని ఎవ్వరూ చూసి ఉండరు. 'ప్రజామిత్ర పురస్కారం' అని వర్తక సంఘంవాళ్లు ఇత్తడి ఫలకం ఒకటి చేయించారు, పళ్లెమంత ఉంది. క్లాసు నడిపేది నేనే కాబట్టి అందుకోవడానికి నన్నే పిలిచారు. వెళ్లాను. శాలువా కప్పించుకున్నాను. ఫలకం తీసుకున్నాను. అంతవరకూ బుద్ధిమంతురాలినే. ఇక దిగమని హెడ్ గారు కళ్లతోనే చెబుతున్నారు, నేను మైకు అందుకున్నాను.

"ఈ బహుమతి గురువారం క్లాసుకి ఇచ్చారు. ఆ క్లాసుకి ఇప్పుడు తలుపు లేదు, పొయ్యి లేదు. ఆ రెండూ వచ్చేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది. మీ గోడకి తగిలించనివ్వను."

హెడ్ గారు మైకు లాక్కుని, చిన్న సాంకేతిక సమస్య, మేడం కొంచెం భావోద్వేగంలో ఉన్నారు అని సర్దబోయారు. భావోద్వేగమట! కోపం అనడానికి కూడా మనసు రాలేదు ఆయనకి. నేను మెట్లు దిగి, జయమ్మ చెయ్యి పట్టుకుని, ఫలకం చంకలో పెట్టుకుని బయటికి నడిచాను. లహరి వెనకాలే వచ్చింది.

సందులో, మూసేసిన తలుపుకి ఎదురుగా, ఎప్పటి టీ బండే ఉంది. పొయ్యి కాసేపు ఇమ్మని అడిగాను. బండి ఆయన టీ గిన్నె దించాడు. లహరి తన టిఫిన్ డబ్బాలోని చెంచాతో ఆలుగడ్డలు చెక్కు తీసింది, బండి ఆయన చాకుతో జయమ్మ ముక్కలు కోసింది. పట్టు చీర కట్టుకుని, మెడలో శాలువాతో, స్టేషనుకు పోయేవాళ్లంతా చూస్తుండగా నేను ఆ మంట ముందు నిలబడ్డాను. సిగ్గుపడాల్సింది నేను కాదు. నీళ్లు మరిగాయి, ముక్క మెత్తబడింది, పొంగలేదు. ముక్కలూ నీళ్లూ ఎక్కడిదాకా పట్టాయో చెంచా కాడతో చూసుకున్నాను. గీద్దామంటే మేకు లేదు. మేకు పాత భవనం సామానుతో పాటు ఎక్కడికి పోయిందో.

ఫలకం తిప్పి చూశాను. మూల పదునుగానే ఉంది.

నీళ్లు కాలువలో ఒంపేసి, ముక్కలు టీ బండి మూత మీద పోసి, గిన్నె చల్లారాక ఒడిలో పెట్టుకుని గీయడం మొదలుపెట్టాను. అంతలో విశ్వనాథ్ గారు వచ్చారు. బూట్లు బురదలో పడకుండా చూసుకుంటూ, గేటు నుంచి చుట్టూ తిరిగి వచ్చారు. ఆయనకీ ఇటు వేరే దారి లేదు మరి. ముఖం ఎర్రబడింది. వచ్చే వారం విభాగానికి గ్రేడు ఇచ్చే బృందం వస్తోందని, ఫలకం గోడ మీద లేకపోతే పరువు పోతుందని, నాకు మెమో ఇవ్వాల్సి వస్తుందని అన్నారు. చివరికి చెయ్యి చాపారు.

"విమల గారూ, దయచేసి అది ఇవ్వండి."

"పనిలో ఉంది సార్."

కింది గీత పడింది. పై గీత కూడా పడింది. ఇత్తడి మూల కాస్త వంగింది, 'మిత్ర' అన్నచోట తడి అంటుకుంది. జయమ్మ గిన్నె తీసుకుని, లోపల బొటనవేలితో రెండు గీతలూ తడిమి చూసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం కోపం దిగలేదు, దిగనివ్వదలచుకోలేదు కూడా.

"దవాఖానల మా ఆయన పక్క మంచపాయన పెండ్లాం కూడ వస్తనన్నది," అంది జయమ్మ. "వచ్చే గురువారం తోలుకస్త. ఏ తలుపుకెళ్లి రావాలె మేడం?"

"నన్నెందుకు అడుగుతావు? సారు ఇక్కడే ఉన్నారు."

జయమ్మ గిన్నెని చంకలో పెట్టుకుని ఆయన వైపు తిరిగింది. వెనక గోడ మీద బొమ్మ కూడా సరిగ్గా అలాగే నిలబడి ఉంది, చంకలో గిన్నెతో. ఆయన చాపిన చెయ్యి ఇంకా దించలేదు.

"చెప్పుండ్రి సార్," అంది జయమ్మ. "ఏ తలుపు?"