ఎదురుకాళ్ళు

నా కడుపులో బిడ్డ కాళ్ళు కిందికి ఉన్నాయని బెజవాడలో స్కానింగ్ చేసి చెప్పారు. పదిరోజుల్లో ఆపరేషన్ తప్పదన్నారు.

బస్సులో బందరు దాకా మా అత్త పెద్దింట్లమ్మ సాధిస్తూనే ఉంది. "నీలాగే ఇదీ ఎదురుకాళ్ళదే. ఇంటికి అచ్చిరాదు."

అవును, నేనూ కాళ్ళతోనే బయటికొచ్చాను. అలా పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మా పేటంతా నమ్మకం. నేనెదురొస్తే ముఖం తిప్పుకునే ఆడవాళ్ళే, నడుం పట్టేస్తే నా ముందు బోర్లా పడుకుంటారు.

మర్నాడు చేపల గంప ఎత్తబోతే అత్తకి నడుం పట్టేసింది. చాప మీద బోర్లా పడింది.

"గంగా, కాస్త కాలేసి తొక్కవే."

పొట్ట పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"పదిరోజులు ఓర్చుకోండి అత్తయ్యా. అచ్చిరాని కాళ్ళు ఇంకో జత వస్తున్నాయిగా."