ఫోనులో వచ్చే గాలి

"చెప్పండి చూద్దాం, ఈ గాలి ఎక్కడిది?"

బుర్మాకన్ రిసీవరును తన చెవికి పెట్టుకోకుండా మనవల మొహాల ముందు పట్టుకుంది. మేరిమ్ కళ్ళు మూసుకుని వాసన చూసింది. తమ్ముడు ఎర్లాన్ అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఎండుగడ్డి, పిడకల పొగ, కాస్త గొర్రె ఉన్ని.

"అట్‌బాషీ" అన్నారిద్దరూ.

"ఎలా తెలిసింది? కారణం చెప్పని జవాబుకి మార్కుల్లేవు."

"చిన్ననానమ్మ పొయ్యి ముట్టించింది, అందుకని" అన్నాడు ఎర్లాన్. అవతల, ఆ ఊళ్ళో ఉండే చెల్లెలు జూరా అంతసేపూ ఓపిక పట్టి, నీ క్లాసు అయిపోతే ఇక నేను మాట్లాడతానే అక్కా, అంది.

నారిన్ పట్నం బడిలో భూగోళం చెప్పి రిటైరైన బుర్మాకన్ ఇంట్లో ఆ ఆకుపచ్చ ఫోను మొదట్నించీ అంతే. ఎవరు మాట్లాడితే వాళ్ళున్న చోటి గాలి రిసీవరు చిల్లుల్లోంచి వస్తుంది. ఒకసారి తలాస్ నుంచి ఆమె తమ్ముడు చేసినప్పుడు వడగళ్ళు రాలి చక్కెర గిన్నెలో పడ్డాయి. బల్ల తుడుచుకుని మళ్ళీ టీ పెట్టుకున్నారు. సెల్‌ఫోన్లు వచ్చాక దాని మోత తగ్గింది. సెల్‌ఫోనులో మాట ఒక్కటే వస్తుంది మరి.

ఆమె ఒక్కగానొక్క కొడుకు కుబాత్, ఆకులు రాలే రోజుల్లో సైబీరియాలోని సుర్గుత్‌కి కట్టడం పనికని వెళ్ళాడు. ప్రతి ఆదివారం పెళ్ళాం అనారా సెల్‌కి చేసేవాడు. పిల్లల సంగతి, తల్లి మోకాళ్ళ సంగతి అడిగి, చివర్లో ఒకటే మాట అనేవాడు: ఆ పాత ఫోను ఇంకా ఉందా, దండగ, తీయించేయండి. అనారా ఆ మాటని అత్తగారికి ఉన్నదున్నట్టు చేరవేసేది.

అనారా పట్నం ఆసుపత్రిలో మంత్రసాని నర్సు. రాజధాని బిష్కెక్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ ఆమె పనితనం చూసి, పిల్లలతో ఉండడానికి గది కూడా ఇస్తాను, వచ్చేయమని అడిగింది. సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పాలి. కుబాత్ మాత్రం, వసంతానికి వచ్చేస్తాగా, అందాకా ఆగలేవా అన్నాడు. అనారా ఆగుదామనే అనుకుంది.

ఫోను తీయించేయమన్న మాటనీ, వసంతం దాకా ఆగమన్న మాటనీ పక్కపక్కన పెట్టుకుని బుర్మాకన్ నలిగిపోయేది. ఎందుకంటే అతను వెళ్ళిన కొత్తలో ఒకసారి, చెయ్యి అలవాటుకొద్దీ, ఇంటి ఫోనుకే చేశాడు. అప్పుడు ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. మోకాలి లోతు మంచు పడిందమ్మా, ఊపిరి కూడా గడ్డకడుతోంది అన్నాడు. ఆమె చెంపకి తగిలిన గాలి మాత్రం తడిగా, మెత్తగా ఉంది. ఎంత చలికాలమైనా గడ్డకట్టని నీళ్ళ మీదుగా వచ్చే గాలి అది. లోతెక్కువ, కాస్త ఉప్పన కాబట్టి తమ దేశంలోని ఇస్సిక్-కూల్ సరస్సు గడ్డకట్టదని ఆమె ఎన్ని క్లాసులకి చెప్పిందో! ఒడ్డున ఎండబెట్టిన చేపల వాసన కూడా పోల్చుకుంది.

పాపం, సుర్గుత్‌లో పని ఇవ్వక తిప్పి పంపేసి ఉంటారు, చెప్పుకోలేక సిగ్గుపడి సరస్సు పక్క ఏ హోటల్లోనో పని చేసుకుంటున్నాడు. ఈ కారణం ఆమె తనంతట తానే కుదుర్చుకుని, పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు వల్లించింది. అనారాకి చెప్పలేదు. చెబితే ఆ అమ్మాయి ఇంకెవరి కోసం ఆగుతుంది? పిల్లల్ని తీసుకుని బిష్కెక్ వెళ్ళిపోతుంది. అందుకే, సోమవారం నేనే ఆఫీసుకి వెళ్ళి ఫోను రద్దు చేయమని దరఖాస్తు ఇస్తానులే, అంది కోడలితో.

ఆ ముందురోజు, ఆదివారం, మంచుతుఫాను పట్టుకుంది. కొండ మీది టవరు పడిపోయి సెల్‌ఫోన్లన్నీ మూగబోయాయి. మధ్యాహ్నం బుర్మాకన్ నూడుల్స్‌కి పిండి పలచగా ఒత్తి, సగం కోసి ఉండగా ఆకుపచ్చ ఫోను మోగింది.

ముందు తడి ఉన్ని వాసన వచ్చింది. గాలి రాకుండా కుబాత్ మాట్లాడే చోట చేతితొడుగు చుట్టినట్టున్నాడు. "అమ్మా, తుఫాను అన్నారు రేడియోలో. పిల్లలెలా ఉన్నారు? ఎవరి సెల్లూ పలకడం లేదేం?" ఆ కంగారు మాత్రం నిజం. మాట్లాడుతుండగానే తొడుగు జారినట్టుంది, సరస్సు గాలి గదిలోకి వచ్చింది.

అనారా తలుపు దగ్గరికి వచ్చింది. "ఎవరత్తయ్యా? ఆయనేనా?"

పిండి చేతిని చిల్లుల మీద అడ్డం పెడితే సరిపోయేది. లైను పోయింది అంటే సరిపోయేది. బుర్మాకన్ చెయ్యి లేచింది కూడా. ఆ అమ్మాయి పొద్దుట్నించీ చచ్చుబడిన సెల్లుని ఎన్నిసార్లు తీసి చూసుకుందో గుర్తొచ్చి, ఆ చెయ్యి దించుకుంది.

"నీ మొగుడే. మాట్లాడు" అని రిసీవరు ఇచ్చేసింది.

అనారా చెవి పక్క వెంట్రుకలు గాలికి కదిలాయి. ఆమె కళ్ళు మూసుకుని ఆ గాలి పీల్చింది. తర్వాత, అక్కడ చలి ఎలా ఉందని అడిగింది. ముక్కులూడిపోతున్నాయని అతను నవ్వడం బుర్మాకన్‌కి కూడా వినిపించింది.

"చెవులు కప్పుకోండి" అని అనారా ఫోను పెట్టేసింది.

"సరస్సు దగ్గరున్నాడే" అంది బుర్మాకన్, ఇక దాచలేక. "సైబీరియాలో పని దొరికుండదు. సిగ్గుపడి..."

"నాకు భూగోళం రాదత్తయ్యా. ఏ నీళ్ళ గాలో నాకు తెలీదు. ఉప్పునీళ్ళతో స్నానం చేయించి వెన్న రాసిన పసిబిడ్డ ఒంటి వాసన తెలుసు. రోజూ నా చేతుల్లో ఉండేదేగా. ఆ బిడ్డకి ఇంకా నలభై రోజులు కూడా నిండలేదు."

బుర్మాకన్ నోరు తెరిచింది.

"పక్కింటి బిడ్డ అనకండి. తడి ఉన్నితో కలిసే వచ్చింది, ఆ వాసన ఆయన చేతితొడుగుకే ఉంది."

తాను వల్లించిన కారణం ఇంత తప్పని బుర్మాకన్ అనుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్క గదిలో పిల్లలు దేనికో పోట్లాడుకుంటున్నారు.

"ఎప్పట్నించి తెలుసు మీకు?"

"వెళ్ళిన కొత్తలోనే. సరస్సని మటుకే తెలుసు."

"చెబితే పిల్లల్ని తీసుకుపోతాననా?"

"అవును."

అనారా అదే ఫోను దగ్గరికి లాక్కుని బిష్కెక్ డాక్టరమ్మ ఇంటికి చేసింది. రిసీవరులోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన, కార్ల పొగ వచ్చాయి. పిల్లలతో వస్తున్నానని, దారి తెరిచిన రోజునే బయల్దేరతానని చెప్పింది. పెట్టేశాక, ఫోను మీద నుంచి చెయ్యి తియ్యలేక అలాగే నిలబడిపోయింది.

"రేపు దరఖాస్తు ఇస్తానన్నారు" అంది చివరికి.

"ఇవ్వను. నువ్వు దీనికే చెయ్యి. పిల్లలు చలిలో పడుకుంటున్నారో, వెచ్చగా ఉన్నారో నాకు తెలియాలి."

"మీకు తెలుస్తుంది. మరి నాకో? ఇక్కడ మీరు పొయ్యి కూడా వెలిగించుకోకుండా కూర్చుని, బాగానే ఉన్నానమ్మా అంటే, నా సెల్లులోకి ఏం వస్తుంది?"

బుర్మాకన్ ఒళ్ళో పడిన పిండి దులుపుకుంది.

"ఇలాంటిదే పాతది ఒకటి వెతికి అక్కడ పెట్టించుకుంటాను" అంది అనారా. అది దయతో అన్నదో, కోపంతో అన్నదో బుర్మాకన్‌కి అంతుపట్టలేదు. అడగలేదు కూడా.

"పిండి ఆరిపోతోంది" అని మోకాళ్ళు పట్టుకుని లేచి, మిగిలిన సగం కోయడానికి వంటింట్లోకి వెళ్ళింది.