గోరువెచ్చగానే ఉన్నాయి

ముందు ఆవిడ చేతుల గురించి చెప్పాలి. కాళ్ల గోల తర్వాత ఎలాగూ ఉంది.

పెద్ద లాండ్రీ అది. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఉతికిన దుప్పటి ఒకవైపు నుంచి వేడి రోలర్ల మధ్యకు పోయి, రెండోవైపు చదునుగా, పొగలు కక్కుతూ బయటికొస్తుంది. ఆ రెండోవైపు నిలబడి దాన్ని అందుకుని మడత పెట్టడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. కొత్తగా చేరినవాళ్లు గ్లౌజులు తొడుక్కుని కూడా "అమ్మో, అబ్బో" అని ఎగురుతుంటే, ఆవిడ ఉత్త చేతులతో లాగి పడేసేది. అందుకే అక్కడ అందరూ ఆవిణ్ని ఉక్కుచెయ్యి అంటారు. ఏ హోటలు మేనేజరో చూడ్డానికి వస్తే సూపర్‌వైజరు ఆవిడ దగ్గరికే తీసుకొచ్చేవాడు. "చూడండి సార్, మా ఉక్కుచెయ్యి" అని చూపించేవాడు. ఆవిడకీ అదో ముచ్చట. పిచ్చి మనిషి! చెయ్యి మొద్దుబారడం కూడా గొప్పేననుకుని మురిసిపోయింది.

ఇక మొగుడి సంగతి. కొరియరు కంపెనీలో ఇంటింటికీ కవర్లూ పార్సిళ్లూ పంచేవాడు. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగిన మనిషి. షుగరు వచ్చింది. అరికాళ్లలో స్పర్శ పోయింది. ఆ కాళ్లతో పాటే ఉద్యోగమూ పోయింది. రెండేళ్లుగా ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయాడు. చెప్పు జారిపోయినా తెలియదు. ఒంటి చెప్పుతో వాకిలి దాకా నడిచొచ్చి, రెండోదెక్కడ దాచావని పెళ్లాం మీద కేకలేస్తాడు. కాళ్లు మొద్దుబారాయి గానీ నోరు మాత్రం మొద్దుబారలేదు.

పిల్లల్లేరు. ఇల్లు నడిచేది ఆవిడ జీతం మీద.

కాళ్లకు స్పర్శ పోయిన కొత్తలో ఆసుపత్రి నర్సు ఒక కాగితం ఇచ్చింది. ఆవిడ దాన్ని వంటింటి తలుపు వెనక అంటించింది. రోజూ అరికాళ్లు పరీక్షగా చూడాలి. గోళ్లు మూలల్లో గుండ్రంగా తియ్యకూడదు, తిన్నగా కత్తిరించాలి. వేళ్ల సందుల్లో తడి ఉండకూడదు. మడమలకు నూనె రాయొచ్చు, సందుల్లో రాయకూడదు. కాళ్లు నీళ్లలో పెట్టే ముందు ఇంట్లో ఇంకొకరు చెయ్యి పెట్టి వేడి చూడాలి. ఎవరి చెయ్యి, ఎలాంటి చెయ్యి అని ఆ కాగితం అడగలేదు. అడిగి ఉంటే నేనిదంతా చెప్పుకురావలసిన పనే లేదు.

ఆదివారం ఆవిడకు సెలవు. పొద్దున్నే కుర్చీ ముందు బేసిను పెట్టి, పక్కన నేల మీద చతికిలబడేది. కాళ్లు నానబెట్టి, మడమల పగుళ్లు మెత్తని గుడ్డతో రుద్ది, ఒక్కొక్క వేలూ విడదీసి తుడిచి, కళ్లజోడు పెట్టుకుని గోళ్లు కత్తిరించేది. చుట్టుపక్కల ఏ ఆడదానికీ అంత శుభ్రమైన గోళ్లు లేవు. ఆవిడ గోళ్లయితే పెళుసుబారి, అంచులు విరిగి, దుప్పట్ల దారాలకు తగులుకుంటూ ఉండేవి. వాటిని పట్టించుకునే తీరిక ఆవిడకు ఎప్పుడూ దొరకలేదు.

ఈ గొడవకు మూడు వారాల ముందు, మొగుడి అక్క తన మనవరాలు పరీక్ష పాసైందని భోజనానికి పిలిచింది. వదినగారు రెండు వీధుల అవతలే ఉంటుంది. నోరున్న మనిషి. తమ్ముడంటే ప్రాణం, మరదలంటే ఆ ప్రాణానికి పట్టిన జబ్బు. ఇరవై మంది భోజనాలకు కూర్చున్నారు. సాయం చేద్దామని ఆవిడ గరిటె పట్టుకుంది. అంతే, మొగుడు అందుకున్నాడు.

"నువ్వు వడ్డించకే తల్లీ. ఆ చేతులు చూస్తే తినేవాళ్లకి ఆకలి చచ్చిపోద్ది."

అందరూ నవ్వారు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈ చేతులతోనేగా వారం వారం మీ కాళ్లు కడిగించుకుంటున్నారు! నోరు అదుపులో పెట్టుకోండి. లేకపోతే ఏదో రోజు ఆ రెండు కాళ్లూ కుండలో పెట్టి ఉడకేస్తాను, చూస్తూ ఉండండి!"

దానికి ఇంకా గట్టిగా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది వదినగారే. మొగుడికైతే పొలమారింది. "ఉప్పూ కారం కూడా వెయ్యవే" అన్నాడు. ఆ మాట అక్కడితో అయిపోయిందని ఆవిడ అనుకుంది.

ఆ వారమే లాండ్రీలో కొత్త రూలు వచ్చింది. అదే యజమానికి ఇంకోచోట ఉన్న లాండ్రీలో ఒకావిడ రోలరు మీద చెయ్యి ఆనించి, కమురు వాసన వచ్చేదాకా చూసుకోలేదట. దాంతో అందరికీ తలా ఒక ఫారం ఇచ్చారు. చేతులకు స్పర్శ సరిగా ఉందని డాక్టరు సంతకం పెట్టాలి. నెలాఖరులోగా తేకపోతే రోలరు దగ్గరికి రానివ్వరు. యాభై దాటినవాళ్లకు వేరే పని చూపించే ఉద్దేశం యజమానికి లేదని సూపర్‌వైజరు మొహం మీదే చెప్పాడు.

ఆవిడకు అనుమానం లేకపోలేదు. కూరగాయలు తరుగుతూ వేలు తెగితే, పలక మీద నెత్తురు చూశాకే తెలిసేది. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి సంచి అడుగున దాచేసింది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని వాయిదా వేసింది. ఆ అనుమానమేదో నీళ్ల దగ్గర రాకూడదూ! పని దగ్గర చేతులు వేరు, ఇంటి దగ్గర చేతులు వేరు అనుకుందో ఏమో.

మూడు వారాల తర్వాత వచ్చిన ఆ ఆదివారం చలి బాగా ఉంది. ఎప్పటి లెక్క ప్రకారం ఒక గిన్నెడు మరిగిన నీళ్లకు మూడు చెంబులు చన్నీళ్లు కలిపి బేసినులో పోసింది. ఆయన కాళ్లు పెట్టి మొహం చిట్లించాడు.

"ఏంటే ఇవి? వేడే లేదు. ఒళ్లు వణికిపోతుంటే చన్నీళ్లు పోస్తావా?"

"మీ కాళ్లకేం తెలుస్తుందండీ వేడీ చల్లా?"

"కాళ్లకి తెలియకపోతే మనిషికి తెలియదా? పొయ్యవే ఇంకో గిన్నెడు."

ఆవిడ ఆయన కాళ్లు బయటికి తీయించింది. ఇంకో గిన్నెడు మరగబెట్టి తెచ్చి పోసింది. కాగితంలో చెప్పినట్టే మణికట్టు దాకా చెయ్యి ముంచింది. ఒకసారి కాదు, రెండుసార్లు చూసింది.

"గోరువెచ్చగానే ఉన్నాయి. పెట్టండి."

పెట్టాడు. కాసేపటికి పాదాలు ఎర్రగా కందాయి. "చూశావా, రక్తం ఎలా పరుగులు పెడుతోందో!" అని ఆయన సంబరపడ్డాడు. ఆవిడా సంబరపడింది. కళ్లజోడు పెట్టుకుని, కుడికాలు ఒళ్లోకి తీసుకుని, తువ్వాలుతో బొటనవేలి పక్క సందు తుడిచింది. తువ్వాలుతో పాటు చర్మమూ ఊడొచ్చింది.

ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఏదో పాత పార్సిలు కబురు చెబుతూనే ఉన్నాడు. ఆవిడ తువ్వాలు వంక చూసింది, కాలు వంక చూసింది, చివరికి తన చేతుల వంక చూసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. ఆ చేతులు కాలినట్టు కూడా ఆవిడకు చెప్పలేదు.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఎడమకాలు దక్కుతుందన్నారు. కుడికాలి మీద మాత్రం రెండు వేళ్లు తీసేయాలి, పైకి పాకితే అప్పుడు చూద్దామన్నారు. కబురు తెలియగానే వదినగారు ఊడిపడింది. మంచం పక్కన నిలబడి, వార్డంతా వినేలా మొదలుపెట్టింది.

"ఆ రోజు నా ఇంట్లోనే చెప్పింది. ఇరవై మంది విన్నారు. కాళ్లు ఉడకేస్తానంది, ఉడకేసింది! దీనికంటే పగవాళ్లు నయం కదరా తమ్ముడూ!"

"వదినా, నేను చెయ్యి పెట్టి చూశాను. ఒట్టు. రెండుసార్లు చూశాను."

"చూస్తే నీ చెయ్యి కాలలేదేం? ఆ నీళ్లు మనుషుల్ని చూసి కాలుస్తాయా?"

పక్క మంచాల వాళ్లు తలలెత్తి చూస్తున్నారు. ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన పైకప్పు వంక చూస్తున్నాడు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. కాలు కాలిన దుఃఖం ఒకటి, కాల్చిందన్న మాట ఇంకొకటి.

అప్పుడే డాక్టరు వచ్చాడు. కుర్రడాక్టరే గానీ నిదానం తెలిసినవాడు. వదినగారు చెప్పిందంతా విన్నాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగాడు. చెప్పింది. ఆయన ఆవిడ చేతులు తిరగేసి చూశాడు. చూపుడు వేలి మీద పొక్కు లేచి చితికిన మచ్చ ఉంది. అది ఎప్పటిదో ఆవిడకు తెలియదు.

"చేతులకి స్పర్శ పోయి ఉండొచ్చు. అదే అయితే మీ తప్పేం లేదు. వేడి తెలియలేదు, అంతే" అన్నాడు.

ఆవిడ గుండెల మీది బండ దిగినట్టయింది. కళ్ల నీళ్లు తిరిగాయి. కొంగుతో మొహం తుడుచుకోబోయి, ఆ కాస్త ధైర్యంతో ఒక పొరపాటు చేసింది. ఎలాగూ డాక్టరు ఎదురుగా ఉన్నాడు కదా అని, సంచి అడుగునుంచి ఫారం తీసి ఇచ్చింది.

డాక్టరు చదివాడు. ఆయన మొహం మారింది.

"చూడండమ్మా, రెండూ కుదరవు. స్పర్శ లేదని తేలితే దీని మీద నేను సంతకం పెట్టలేను. రేపు మీ చెయ్యి ఆ రోలర్లో పడితే ఆ పాపం నాది. ఉందని తేలితే సంతకం పెడతాను. అప్పుడు నీళ్ల సంగతి..." అంటూ వదినగారి వంక చూసి మిగతా మాట మింగేశాడు. "సరే, పరీక్ష చేద్దాం. కళ్లు మూసుకోండి. సూదిమొన వేలికి తగిలినప్పుడల్లా ఊ అనండి. చాలు."

ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. చేతులు ముందుకు చాపింది. ఏమీ తెలియలేదు. నిజం చెప్పేద్దామనుకుంది. నిజం ఎంత సుఖంగా ఉంటుందో ఆ క్షణం ఆవిడకు తెలిసింది. ఏమీ అనకుండా కూర్చుంటే చాలు. వదినగారి నోరు మూతబడుతుంది. వార్డులో నలుగురి ముందూ తలెత్తుకోవచ్చు.

మంచం మీంచి మొగుడు దగ్గాడు.

కఫం లేని దగ్గు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ దగ్గు ఆవిడకు కొట్టినపిండి. చుట్టాల ముందు టీ కావాలంటే అలా దగ్గుతాడు. ఇక ఇంటికి పోదామన్నా అలాగే దగ్గుతాడు. మొగుడు దగ్గితే ఆవిడ లేవాల్సిందే.

"ఊ" అంది.

మళ్లీ దగ్గు. "ఊ." ఎడమచేతి మీదికి వెళ్లాడు కాబోలు డాక్టరు. దగ్గు. "ఊ." మొత్తం ఏడుసార్లు. ఒక్కటీ తప్పలేదు.

కళ్లు తెరిచేసరికి డాక్టరు మొగుడి వంక చూస్తున్నాడు. బయట వరండా నిండా రోగులు. నర్సు గుమ్మంలో నిలబడి పిలుస్తోంది. డాక్టరు నిట్టూర్చి, సంతకం పెట్టి, ఫారం ఆవిడ ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

"విన్నారా?" వదినగారు పక్క మంచాల వాళ్లను పిలిచి మరీ అంది. "సూదిమొన తగిలితే తెలిసిందంట, మరిగే నీళ్లు తెలియలేదంట! డాక్టరే సంతకం పెట్టాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?"

వదినగారు మందులు తేవడానికి వెళ్లాక ఆవిడ మంచం మీదికి వంగింది.

"నేను కావాలని చెయ్యలేదండీ."

"నాకు తెలుసే. తెలియకపోతే దగ్గుతానా?"

"అయితే ఆ మాట మీ అక్కకి చెప్పండి. ఒక్క మాట చెప్పండి. నా మొహాన ఉమ్మేస్తున్నారు అందరూ."

"పిచ్చా నీకు? అక్క నోట్లో నువ్వుగింజ నానుతుందా? ఇవాళ చెబితే రేపటికి మీ లాండ్రీలో తెలుస్తుంది. నీ పని పోతే నా మందులెవడు కొంటాడు? రెండ్రోజులు అనుకుంటారు, మర్చిపోతారు. అందాకా పడు." కాసేపాగి, "రేపు డ్యూటీకి వెళ్తావుగా?" అన్నాడు.

వెళ్లింది. ఫారాన్ని సూపర్‌వైజరు నోటీసు బోర్డుకు గుచ్చాడు. "ఉక్కుచెయ్యి పాసైందిరోయ్" అని అందరూ చప్పట్లు కొట్టారు. ఆసుపత్రి చుట్టూ తిరగడానికి పెట్టిన సెలవుల బదులు ఆదివారాలు కూడా రమ్మన్నారు.

రెండు వేళ్లు పోయిన కాలితో ఆయన ఇంటికొచ్చాడు. ఎవరూ ఏమీ మర్చిపోలేదు. వీధి కుళాయి దగ్గర ఆవిడ బిందె పెడితే పక్కామె తన బిందె జరిపేసుకునేది. ఇక ఆ కాళ్లు వదినగారి పాలయ్యాయి. ఎడమకాలు కడగాలి, కుడికాలికి కట్టు మార్చాలి. మొదటి ఆదివారం పొద్దున్నే వచ్చి, బేసిను లాక్కుని, "నువ్వు పక్కకి జరుగు. ఈ కాళ్ల జోలికి రాకు" అంది. ఆవిడ జరిగింది. గోళ్లు తిన్నగా కత్తిరించాలి వదినా అని చెప్పబోయి మానుకుంది. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని బయటికొచ్చి, గుమ్మం పక్కన చెప్పులు వెతుక్కుంటోంది.

లోపల వదినగారు నీళ్లలో మోచెయ్యి ముంచి చూస్తూ, తమ్ముణ్ని బుజ్జగింపుగా అడిగింది.

"నిజం చెప్పరా. నా దగ్గర దాపరికమేంటి? ఆ రోజు అది కావాలనే పోసింది కదూ?"

ఆవిడ ఒక చెప్పులో కాలు పెట్టి ఆగిపోయింది. లోపల ఆయన ఏమీ మాట్లాడలేదు. అంత సేపు మాట్లాడకుండా ఉండడం ఆయన వల్ల కాని పని. ఒక్క మాట, కాదక్కా అన్న ఒక్క మాట వస్తుందేమోనని ఆవిడ ఊపిరి బిగబట్టింది.

ఆయన దగ్గాడు.

అలవాటైపోయిన నోరు. గడప ఇవతల నిలబడి, తనకు తెలియకుండానే, వదినగారికి వినబడేంత గట్టిగా ఆవిడ "ఊ" అంది.